ఉప్పుగాలిలో ఆటస్థలాలు: విశాఖపట్నం పార్కుల్లో పాతబడిన ఆట పరికరాల మార్పిడికి ఒక ప్రణాళిక

(స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)

1. విషయం, పరిధి

నగర పాలనలో కొత్త నిర్మాణానికి దక్కే గౌరవం నిర్వహణకు దక్కదు. నిర్వహణకు దక్కే పాటి శ్రద్ధ కూడా, ఆయుష్షు తీరిన వస్తువును తొలగించి దాని చోట మరొకటి నిలిపే పనికి దక్కదు. రోడ్డు కుంగినా, మంచినీటి గొట్టం పగిలినా కాలనీవాసులు జోనల్ కార్యాలయానికి వెళ్లి నిలదీస్తారు గనుక ఆ పనులు ఆలస్యంగానైనా జరుగుతాయి. పార్కులో జారుడుబల్ల రేకుకు చిల్లు పడినప్పుడు పరిస్థితి వేరు. దానిని వాడేవారికి ఓటు లేదు, అర్జీ రాయడం రాదు, పైగా నాలుగైదేళ్లు గడిచేసరికి వారు ఆ ఆటల వయసు దాటిపోతారు. కాబట్టి ఒక తరం పిల్లల ఫిర్యాదు తర్వాతి తరం చేతికి అందదు, కార్యాలయంలో దానికి ఒక దస్త్రమూ తయారుకాదు.

ఈ ఉపన్యాసంలో ఆటస్థలం అంటే, పార్కులో పన్నెండేళ్లలోపు పిల్లల కోసం ప్రత్యేకించిన భాగం అని అర్థం: ఉయ్యాలలు, జారుడుబల్లలు, ఊగుడుబల్లలు, రంగులరాట్నాలు, ఎక్కిదిగే ఇనుప చట్రాలు, వాటి కింద పరచిన నేల, వాటిపై పడే నీడ, అక్కడికి చేర్చే దారి అన్నీ ఇందులో భాగమే. క్రికెట్, కబడ్డీ వంటి పోటీ ఆటల మైదానాలు ఈ చర్చలోకి రావు. అలాగే మరమ్మతు అంటే చెడిన భాగాన్ని మాత్రమే బాగుచేయడం. మార్పిడి అంటే మరమ్మతుకు అయ్యే ఖర్చు, మిగిలి ఉన్న ముప్పు, దొరకని విడిభాగాలు కలిసి పాత పరికరాన్ని ఉంచడం తగదని తేల్చినప్పుడు దానిని పూర్తిగా తీసి, ఆ చోటును కొత్తగా తీర్చిదిద్దడం.

ఇక్కడ నిరూపించదలచిన విషయం ఒకటే. సముద్రతీరాన, పరిశ్రమల నడుమ ఉన్న విశాఖపట్నం వంటి నగరంలో ఆట పరికరం ఎంతకాలం నిలుస్తుందన్నది దానిని పాతిన రోజునే చాలావరకు నిర్ణయమైపోతుంది. కనుక దాని మార్పిడి ప్రణాళిక కూడా, నిధితో సహా, ఆ రోజునే మొదలు కావాలి.

2. నగరంలో ఆటస్థలాలు ఏర్పడిన తీరు

పిల్లల ఆటకు నగరం ప్రత్యేకంగా స్థలం కేటాయించడం ప్రపంచంలో ఎక్కడైనా ఇటీవలి సంగతే. జర్మనీ నగరాల్లోని ఇసుక గుంటల స్ఫూర్తితో అమెరికాలోని బోస్టన్‌లో 1880ల మధ్యలో ఇసుక తోటలు వెలిశాయి. 1906లో అమెరికా ఆటస్థలాల సంఘం ఏర్పడింది. కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రప్‌లో 1943లో, పాత చెక్కలు, ఇటుకలు, పనిముట్లు ఇచ్చి పిల్లలనే కట్టుకోనిచ్చే ఆటస్థలం మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి 1978 వరకు, ఖాళీగా పడివున్న చిన్న చిన్న జాగాల్లో ఏడు వందలకు పైగా ఆటస్థలాలు రూపొందించారు. ఆ ఏడు వందల్లో నేటికి మిగిలినవి కొన్నే కావడం, ఎంత గొప్ప రూపకల్పన అయినా కాలక్రమంలో దానిని నిలిపే ఏర్పాటు లేకపోతే నిలవదనడానికి సాక్ష్యం.

విశాఖపట్నం విస్తరించిన తీరువల్ల ఇక్కడి ఆటస్థలాలకు ఒకే యజమాని లేడు. 1858లో పురపాలక సంఘంగా, 1979లో నగరపాలక సంస్థగా, 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలుపుకొని మహా విశాఖ నగరపాలక సంస్థగా మారిన జీవీఎంసీ ఒకవైపు ఉండగా, 1978లో ఏర్పడి 2018లో వీఎంఆర్‌డీఏగా రూపాంతరం చెందిన పట్టణాభివృద్ధి సంస్థ (వుడా) మరోవైపు ఉన్నది. వీటికి తోడు 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1941లో పునాది పడిన నౌకానిర్మాణ కేంద్రం, 1957లో మొదలైన చమురుశుద్ధి కర్మాగారం, 1966 నాటి బీహెచ్‌పీవీ కర్మాగారం, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళం, రైల్వే తమ తమ సిబ్బంది నివాసాల నడుమ ఆట జాగాలు ఏర్పరచుకున్నాయి. వుడా వేసిన ఎంవీపీ కాలనీ వంటి సెక్టార్ల లేఅవుట్లలో పార్కులు మొదటి నుంచీ పటంలోనే ఉన్నాయి. ప్రైవేటు లేఅవుట్లలో, విస్తీర్ణంలో పదో వంతును ఖాళీ స్థలంగా స్థానిక సంస్థకు అప్పగించాలన్న నియమం వల్ల మరికొన్ని ఏర్పడ్డాయి. కైలాసగిరి, బీచ్ రోడ్డులోని వుడా పార్కు, పాత సెంట్రల్ జైలు స్థలంలో 2016లో ప్రారంభమైన సెంట్రల్ పార్కు వంటివి ఊరంతటికీ చెందిన పెద్ద పార్కులు.

చట్టం దృష్టిలో ఈ బాధ్యతపై సందిగ్ధం లేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలు పార్కులు, తోటలు, ఆటమైదానాలను పట్టణ స్థానిక సంస్థల విధుల జాబితాలో పేర్కొన్నది. ప్రజా పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విశ్రాంతిని, ఆటను పిల్లల హక్కుగా గుర్తించే 31వ అధికరణం ఉన్న ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో వెలువరించిన మార్గదర్శకాలు 5,000 జనాభాకు అర హెక్టారు, 15,000 జనాభాకు ఒక హెక్టారు పార్కు ఉండాలని సూచిస్తాయి. అయితే ఈ చట్టాలు, సూచనలు అన్నీ స్థలాన్ని కాపాడేవే. ఆ స్థలంలో నిలిచిన ఉయ్యాల గొలుసు ఎన్నేళ్లకు మార్చాలన్న ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు. ఆ జవాబును స్థానిక వాతావరణంలోనే వెతకాలి.

3. పాతబడటానికి కారణాలు

ఆట పరికరం మూడు విధాల పాతబడుతుంది: వాడకం వల్ల అరిగిపోవడం, వాతావరణం వల్ల క్షీణించడం, ప్రమాణాలు మారడం వల్ల కాలం చెల్లడం. విశాఖలో రెండోదే బలమైనది.

లోహాన్ని తినే శక్తిని బట్టి వాతావరణాన్ని వర్గీకరించే ఐఎస్ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం సీ1 నుంచి సీ5 వరకు ఐదు తరగతులను, వాటికి పైన సీఎక్స్ అనే అతి తీవ్ర తరగతిని నిర్దేశించింది. గాలిలో ఉప్పు ఎంత పడుతున్నది, గంధక వాయువు ఎంత ఉన్నది, లోహపు ఉపరితలం ఎంతసేపు తడిగా ఉంటున్నది అన్న మూడింటిని బట్టి తరగతి తేలుతుంది. ఇనుప గొట్టాలను తుప్పు నుంచి కాపాడటానికి కరిగిన జింకులో ముంచి తీస్తారు. దీనినే గాల్వనైజింగ్ అంటారు. 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కుపై ఈ పూత సగటున 70 మైక్రాన్లు ఉండాలి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మధ్యస్థ తరగతి అయిన సీ3 వాతావరణంలో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు తరుగుతుంది, సీ5లో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు తరుగుతుంది. అంటే ఒకే కర్మాగారంలో, ఒకే రోజున తయారైన రెండు ఉయ్యాల చట్రాలలో ఒకదానిని సీ3 తరగతి చోట పాతితే పూత కనీసం ముప్పై మూడేళ్లు నిలుస్తుంది, మరొకదానిని సీ5 తరగతి చోట పాతితే ఎనిమిది నుంచి పదిహేడేళ్లలోపే హరించుకుపోతుంది. గాలిలోని ఉప్పు తీరం నుంచి తొలి కొన్ని వందల మీటర్లలోనే వేగంగా తగ్గిపోతుంది గనుక, బీచ్ రోడ్డు పార్కుకు, సింహాచలం కొండ దిగువన ఉన్న కాలనీ పార్కుకు ఒకే ఆయుష్షు రాసుకోవడం శాస్త్రానికి విరుద్ధం.

పై లెక్క పూత సమంగా ఉన్నచోటికే వర్తిస్తుంది. గాల్వనైజింగ్ అయ్యాక వెల్డింగు చేసిన కీళ్ల దగ్గర జింకు కాలిపోతుంది. గొలుసు లింకులు ఒకదానితో ఒకటి రాసుకునే చోట పూత కొన్ని నెలల్లోనే అరుగుతుంది. స్తంభం నేలలోకి దిగే చోట వాననీరు నిలిచి, పైకి రంగు మెరుస్తున్నా లోపల గొట్టం సన్నబడుతుంది. పరీక్ష చేసేవారు గునపంతో మట్టి తవ్వి ఆ మొదలును చూడనంత వరకు ఆ లోపం బయటపడదు. పరిశ్రమల నుంచి వచ్చే గంధక వాయువు ఉప్పుతో కలిసినప్పుడు క్షయం మరింత పెరుగుతుంది. ఓడరేవుకు దగ్గరగా ఉన్న పాత నగరం, జ్ఞానాపురం ప్రాంతాల్లో బొగ్గు, ఖనిజ ధూళి పరికరాలపై పేరుకొని తేమను పట్టి ఉంచుతుంది గనుక అక్కడి లోహం ఎక్కువసేపు తడిగా ఉంటుంది.

ఏనుగు తొండం ఆకారంలో సిమెంటుతో కట్టి, పైన నునుపుగా మొజాయిక్ చేసిన పాత జారుడుబల్లలకు ఈ బాధ లేదని తోచవచ్చు. నిజానికి ఉప్పు కాంక్రీటు రంధ్రాల గుండా లోపలి ఇనుప ఊచలను చేరుతుంది. ఊచ తుప్పుపట్టి ఉబ్బినకొద్దీ కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోయి, పదునైన అంచులు బయటపడతాయి. గాజునార కలిపిన ప్లాస్టిక్ జారుడుబల్లలకు ఎండే శత్రువు: పై పొర సుద్దలా రాలిపోయాక లోపలి గాజుపోగులు తేలి పిల్లల చర్మానికి గుచ్చుకుంటాయి. అచ్చులో తిప్పి పోసిన పాలిథిలీన్ పరికరాలు ఇంతకంటె నయమే గాని, అతినీలలోహిత కిరణాలను తట్టుకునే మిశ్రమం తగినంత కలపకపోతే అవీ పెళుసుబారి పగులుతాయి.

2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల పైబడిన గాలులతో తీరం దాటిన హుద్‌హుద్ తుపాను నగరపు చెట్లను కూల్చి, కైలాసగిరిని, తీరంలోని పార్కులను ఛిన్నాభిన్నం చేసింది. తుపాను తర్వాతి పునర్నిర్మాణం వెంటనే, 2015లో మొదలైన అమృత్ పథకం పిల్లలకు అనువైన పార్కులకు చోటిచ్చింది. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి జాబితాలోని ఇరవై నగరాల్లో విశాఖ ఒకటైంది. ఇలా కొద్ది సంవత్సరాల వ్యవధిలో పాతిన పరికరాల గడువు కొద్ది సంవత్సరాల వ్యవధిలోనే, గుంపుగా తీరుతుంది. సీ5 వంటి చోట్ల ఆ గడువు ఈ దశాబ్దంలోనే పడుతుంది గనుక, మార్పిడిని వార్షిక బడ్జెట్లలో ఏటా కొంచెంగా సర్దుకునే అవకాశం రోజురోజుకూ తగ్గుతున్నది.

4. భద్రత: నేల, ఖాళీ, తనిఖీ

ఆటస్థలాల్లో గాయాలకు అన్నిటికంటె పెద్ద కారణం పడిపోవడమే. అందువల్ల పరికరం ఎంత ఎత్తు ఉన్నదన్న దానితో సమానంగా, కింద ఏమున్నదన్నది ముఖ్యం. ఐరోపా ప్రమాణాలు ఈఎన్ 1176 పరికరాలను, ఈఎన్ 1177 కింది నేలను గురించి చెబుతాయి. వాటి ప్రకారం పిల్లవాడు నేరుగా పడగల ఎత్తు 3 మీటర్లు మించరాదు. తలకు తగిలే దెబ్బ తీవ్రతను కొలిచే సూచిక 1000 దాటని గరిష్ఠ ఎత్తును ఆ నేలకు సంకట ఎత్తు అంటారు. వదులు ఇసుక 200 మిల్లీమీటర్ల లోతున ఉంటే 2 మీటర్ల వరకు, 300 మిల్లీమీటర్లు ఉంటే 3 మీటర్ల వరకు రక్షణ ఇస్తుంది. కాళ్ల కింద చెదిరిపోయేదాని కోసం మరో 100 మిల్లీమీటర్లు అదనంగా పోయాలి. జారుడుబల్ల దిగువన, ఉయ్యాల కింద పిల్లల పాదాలు తవ్విన గుంటలో ఇసుక మిగలదు గనుక, కాగితంపై సరిగా ఉన్న ఆటస్థలం కూడా అక్కడే గట్టినేలగా మారుతుంది.

తీరనగరంలో ఇసుక సులువుగా దొరుకుతుందన్న ఊహ ఇక్కడ దారి తప్పిస్తుంది. సముద్రపు ఒడ్డు ఇసుకను తవ్వడాన్ని తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కట్టడి చేస్తాయి; దానిని తెచ్చి పోసినా అందులోని ఉప్పు స్తంభాల మొదళ్లను తినేస్తుంది. నదీ ఇసుకను జల్లించి వాడటం, లేదా రబ్బరు పలకలు పరచడం మిగిలిన మార్గాలు. రబ్బరు పలకలు నడవడానికి, చక్రాల కుర్చీకి అనుకూలమే గాని, నీడ లేకపోతే ఎండాకాలంలో ఒట్టి పాదం మోపలేనంతగా వేడెక్కుతాయి, కాలక్రమంలో గట్టిపడి మెత్తదనం కోల్పోతాయి. అందువల్ల వాటిని కూడా గడువున్న వస్తువులుగానే లెక్కించాలి.

రెండో ప్రమాదం ఖాళీలది. శరీరం దూరి, తల ఇరుక్కునే సందును చిక్కు సందు అనవచ్చు. అమెరికా వినియోగదారు భద్రతా సంస్థ 1981లో మొదట ప్రచురించి తర్వాత సవరిస్తూ వచ్చిన మార్గదర్శిని లెక్క ప్రకారం దాదాపు 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య ఉన్న సందు అటువంటిది. పాత చట్రాలలో కమ్మీల మధ్య దూరం ఈ హద్దుల్లోనే ఉంటే, ఆ పరికరం తుప్పు పట్టకపోయినా కాలం చెల్లినట్టే. పాత రంగు పొరల్లో సీసం ఉండే అవకాశం అలాంటిదే: గృహావసర, అలంకరణ రంగుల్లో సీసాన్ని పది లక్షల్లో 90 వంతులకు పరిమితం చేసిన భారతీయ నియమాలు 2016లోనే వచ్చాయి గనుక, అంతకు ముందటి పొరలను గీకి పారేసేటప్పుడు ఆ పొడి ఇసుకలో కలవకుండా చూడాలి.

ఈఎన్ 1176 ఏడో భాగం తనిఖీని మూడు అంచెలుగా విభజించింది. రోజూ లేదా వారానికోసారి కంటితో చూసే సాధారణ తనిఖీ మొదటిది. ఒకటి నుంచి మూడు నెలలకోసారి కీళ్లు, గొలుసులు, అరుగుదల చూసే నిర్వహణ తనిఖీ రెండోది. పునాదులతో సహా మొత్తం భద్రతను నిర్ధారించే వార్షిక ప్రధాన తనిఖీ మూడోది. విశాఖలో మొదటి అంచెకు కొత్త ఉద్యోగులు అవసరం లేదు. 2019లో ఏర్పడిన వార్డు సచివాలయాల్లో వసతుల కార్యదర్శి హోదాలో సాంకేతిక సిబ్బంది ఉన్నారు. ఒక పుట మించని పట్టికను వారి చేతికిస్తే ఆ పని సాగుతుంది. మూడో అంచెకు మాత్రం పరికరాన్ని అమ్మిన సంస్థతో సంబంధం లేని ఇంజినీరు కావాలి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల ఉన్న నగరానికి అది అసాధ్యమైన కోరిక కాదు.

5. నమోదు, ప్రాధాన్యక్రమం

ప్రణాళికకు మొదటి మెట్టు జాబితా. 2021 ఎన్నికలు జరిగిన 98 వార్డుల్లోని ప్రతి ఆటస్థలానికి, అది జీవీఎంసీదా, వీఎంఆర్‌డీఏదా, ఓడరేవుదా అన్న భేదం లేకుండా, ఒకే నమూనాలో ఒక పుట ఉండాలి. పరికరం పేరు, పాతిన సంవత్సరం, తయారైన పదార్థం, తీరం నుంచి దూరం, వాతావరణపు క్షయ తరగతి, నేల రకం, విడిభాగాలు దొరికే చోటు, చివరి ప్రధాన తనిఖీలో తేలిన స్థితి, మార్చవలసిన సంవత్సరం ఆ పుటలో ఉండాలి. పాతిన సంవత్సరం తెలియనిచోట బిల్లుల దస్త్రాల నుంచి గాని, కాలనీ సంక్షేమ సంఘాల జ్ఞాపకం నుంచి గాని సేకరించవచ్చు. మున్సిపాలిటీలు ఆస్తులను వాటి తరుగుదలతో సహా లెక్కల్లో చూపాలని 2004 నాటి జాతీయ పురపాలక లెక్కల మాన్యువల్ నిర్దేశిస్తున్నందున, ఇది అదనపు పని కాదు. చేయవలసిన పనిలో ఒక భాగం.

పుటలోని క్షయ తరగతిని ఊహతో నింపవలసిన అవసరం కూడా లేదు. చిన్న ఉక్కు, జింకు పలకలను తూచి, ఏడాదిపాటు ఆరుబయట ఉంచి, శుభ్రం చేసి మళ్లీ తూచి, తగ్గిన బరువును బట్టి తరగతిని నిర్ణయించే పద్ధతి ప్రామాణికమైనది, చవకైనది. బీచ్ రోడ్డు, పాత నగరం, గాజువాక, ఎంవీపీ కాలనీ, మధురవాడ, భీమిలి పార్కుల్లో కొన్ని పలకలు వేలాడదీస్తే, ఏడాది తిరిగేసరికి నగరపు పటంపై పరికరాల ఆయుర్దాయాన్ని గీయవచ్చు.

జాబితా సిద్ధమయ్యాక ఎవరికి ముందు అన్న ప్రశ్న వస్తుంది. గడువు తీరిన క్రమంలో మార్చడం పైకి న్యాయంగా కనిపించినా, అది గతంలో ఎక్కువ పొందినవారికే మళ్లీ ఎక్కువ ఇస్తుంది. నాలుగు దశాబ్దాల కిందటి లేఅవుట్లలో అప్పటి పిల్లలు పెద్దవారై, చాలామంది వేరే ఊళ్లకు వెళ్లిపోగా, పార్కును ఇప్పుడు ఎక్కువగా వాడేవారు ఉదయపు నడకకు వచ్చే పెద్దలు. కొత్త కుటుంబాలు కాపురం పెట్టినవి నగరపు అంచులు. ఏ వార్డులో ఎందరు పిల్లలున్నారో పాత జనాభా లెక్కలు చెప్పలేవు గాని, అంగన్‌వాడీ కేంద్రాల నమోదు, పాఠశాలల ప్రవేశ లెక్కలు ఏటా చెబుతాయి. అందుచేత ప్రాధాన్యాన్ని నాలుగు అంశాలతో నిర్ణయించడం మేలు: తక్షణ ప్రమాదం, నడిచి చేరగల దూరంలోని పిల్లల సంఖ్య, దగ్గరలో మరో ఆటస్థలం ఉన్నదా లేదా, పరికరానికి మిగిలిన ఆయుష్షు.

ఈ కొలతతో చూసినప్పుడు కొన్ని చోట్లు తమంతట తామే పైకి వస్తాయి. కొండవాలు బస్తీల్లో సమతల భూమే అరుదు. పెదజాలరిపేట వంటి మత్స్యకార వాడల్లో ఆటస్థలం అంటే సముద్రపు ఒడ్డే. ఉక్కు కర్మాగారపు సిబ్బంది నివాసాలైన ఉక్కునగరం సెక్టార్లకు మొదటి నుంచీ ప్రణాళిక ఉండగా, ఆ కర్మాగారానికి భూములిచ్చిన కుటుంబాలు చేరిన పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి నిర్వాసిత కాలనీల పిల్లలకు ఏమి దక్కిందన్నది జాబితా తప్పక అడగవలసిన ప్రశ్న.

తక్షణ ప్రమాదం ఉన్నదని తేలిన పరికరాన్ని నిధుల కోసం ఆగకుండా ఆ వారంలోనే తీసివేయాలి. అయితే తొలగింపు ఉత్తర్వులోనే, దాని స్థానంలో కొత్తది వచ్చే తేదీ, ఏ పద్దు నుంచి అన్న వివరం ఉండాలి. లేకపోతే భద్రత పేరుతో ఆటస్థలం ఖాళీ జాగాగా, ఖాళీ జాగా వాహనాలు నిలిపే చోటుగా మారుతుంది.

6. పాతదాని చోట ఏది నిలపాలి

మార్పిడి అంటే పాత జాబితాలోని పేర్లనే కొత్త ధరలతో తిరిగి కొనడం కాదు. వాన్ ఐక్ రూపొందించిన ఆమ్‌స్టర్‌డామ్ ఆటస్థలాల్లో పరికరాలు కొద్దే: కాంక్రీటు అంచుల ఇసుక గుంట, పల్టీలు కొట్టే ఉక్కు కమ్మీలు, ఎక్కే విల్లులు, దూకే దిమ్మెలు. వాటిలో చెడిపోయే భాగాలు తక్కువ, స్థానికంగా బాగుచేయలేనివి దాదాపు లేవు. కర్రాబిళ్ళ, ఏడు పెంకులాట, తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు ఆడే పిల్లలకు కావలసింది కొంత చదునైన జాగా, కొంత మరుగు, కొంత ఎత్తు. ఆ మూడూ ఉన్నచోట పిల్లలు మిగిలినవి కల్పించుకుంటారు. ఒకే కంపెనీ క్యాటలాగు నుంచి ప్రతి పార్కుకూ ఒకే గుత్తి పరికరాలు కొనే పద్ధతిలో ఈ జాగా, మరుగు, ఎత్తు లోపించడమే గాక, ఒక భాగం విరిగితే ఆ కంపెనీ కోసమే ఎదురుచూడవలసి వస్తుంది.

ఉక్కు తయారయ్యే నగరంలో, గాజువాక ఆటోనగర్‌లో లోహపు పని తెలిసిన వర్క్‌షాపులున్న నగరంలో, కమ్మీలు, విల్లులు, చట్రాలు ప్రామాణిక కొలతలతో స్థానికంగా చేయించడం సాధ్యమే. షరతులు మూడు: వెల్డింగు, రంధ్రాలు పూర్తయ్యాకే గాల్వనైజింగ్ చేయాలి, తీరానికి దగ్గరి పార్కుల్లో గొలుసులు, బోల్టులు మాలిబ్డినం కలిసిన 316 రకం స్టెయిన్‌లెస్ ఉక్కువి కావాలి, ఎందుకంటే సాధారణమైన 304 రకం ఉప్పుగాలిలో మచ్చలు పడి గుంటలు తేలుతుంది, ప్రతి చట్రాన్ని స్వతంత్ర ఇంజినీరు పరీక్షించి గాని పాతరాదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చిన తర్వాత, ప్రజా స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలన్నది దయ కాదు, విధి. స్మార్ట్ సిటీ పథకం కింద బీచ్ రోడ్డులో ఏర్పడిన ఆల్ ఎబిలిటీస్ పార్కు ఈ దిశలో ప్రత్యేకమైన అడుగు. కాని గాజువాకలో ఉండే చక్రాల కుర్చీ పిల్లవాడు తన ఈడు పిల్లలతో ఆడాలంటే బీచ్ రోడ్డుకు రావలసిన స్థితి ఉన్నంతకాలం ఆ అడుగు పూర్తికాదు. కాబట్టి ప్రతి మార్పిడిలోను గేటు నుంచి ఆట వరకు మెట్టులేని దారి, వీపు ఆనించుకునే ఉయ్యాల ఒకటి, నిలబడి ఆడే ఇసుక బల్ల ఒకటి కనీస షరతుగా ఉండాలి. ఐదేళ్లలోపు పిల్లలకు, పెద్దపిల్లలకు వేర్వేరు భాగాలు, తల్లులు కూర్చుని చూడగలిగే నీడ, పదేళ్లు దాటిన ఆడపిల్లలు వెనుకాడకుండా ఆడుకునే వెలుతురు, వాడదగిన మరుగుదొడ్డి లేకపోతే, పరికరం ఎంత మంచిదైనా సగం మందికే పనికివస్తుంది.

నీడ విషయంలో క్రమాన్ని తలకిందులు చేయాలి. చెట్టు నీడనివ్వడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. చట్రం బిగించడానికి పది రోజులు చాలు. అందుచేత ఐదేళ్ల తర్వాత మార్చవలసిన ఆటస్థలంలో ఈ ఏడే కానుగ, పొగడ, వేప మొక్కలు నాటాలి. త్వరగా పెరిగి సులువుగా విరిగే జాతులను ఆట పరికరాల పక్కన నాటరాదన్నది హుద్‌హుద్ నేర్పిన సంగతి.

7. కాలపట్టిక, నిధి

పని జరిగే నెలలను కూడా ఊరి రుతువులే నిర్ణయిస్తాయి. వేసవి సెలవుల్లో వాడకం ఎక్కువ, అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల ముప్పు ఎక్కువ. కనుక సెలవులు ముగిశాక జూలై, ఆగస్టులలో ప్రధాన తనిఖీ, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు అంచనాలు, టెండర్లు, డిసెంబరు నుంచి మార్చి వరకు పొడి నేలలో పునాదులు, బిగింపు జరిగితే, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా బిల్లులు తీరి, వేసవికి ఆటస్థలం సిద్ధమవుతుంది. తుపాను వెళ్లాక వారంలోపు ప్రత్యేక తనిఖీ తప్పనిసరి. ఒక కాలనీలోని ఆటస్థలాలన్నిటినీ ఒకేసారి మూయకుండా, ఒకటి తెరిచాకే మరొకటి మూయాలి.

ఇక నిధి సంగతి. స్మారకోపన్యాసాలను నిలిపేది ధర్మనిధి: దాత ఇచ్చిన మూలధనాన్ని ముట్టకుండా, దానిపై వచ్చే వడ్డీతో ఏటా ఉపన్యాసం నడుస్తుంది గనుకనే దాత తర్వాత కూడా అది కొనసాగుతుంది. ఆటస్థలాన్ని దానమిచ్చే సంస్థలు, సామాజిక బాధ్యత నిధులు వెచ్చించే కంపెనీలు, పథకాలు మంజూరు చేసే ప్రభుత్వాలు పరికరాన్ని ఇస్తాయి, నిధిని ఇవ్వవు. ఉదాహరణకు 12 లక్షల రూపాయల ఖర్చుతో, పన్నెండేళ్లు నిలిచే ఆటస్థలాన్ని ఏర్పరచారని అనుకుంటే, ధరలు ఏటా 5 శాతం పెరిగిన పక్షంలో పన్నెండో ఏట అదే పనికి సుమారు 21.5 లక్షలు కావాలి. మొదటి ఏడు లక్ష రూపాయలతో మొదలుపెట్టి, ఏటా 5 శాతం పెంచుతూ, ధరల పెరుగుదలకు తగిన వడ్డీ వచ్చే ఖాతాలో వేస్తూ పోతే, పన్నెండో ఏట ఆ మొత్తం దాదాపుగా చేతికి వస్తుంది. తీరపు పార్కులో ఆయుష్షు ఎనిమిదేళ్లే అయితే తొలి వాయిదా లక్షన్నర కావాలి. ఉప్పుగాలి ధర ఎంతో అప్పుడు లెక్కల్లో కనబడుతుంది, 316 రకం ఉక్కుకు మొదట ఎక్కువ పెట్టడం లాభమా నష్టమా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ఈ నిధిని ప్రత్యేక ఖాతాగా ఉంచి, జీతాలకో, వేరే అత్యవసరాలకో మళ్లించకుండా కౌన్సిల్ తీర్మానంతో కట్టుబాటు చేయాలి. దాత సంస్థలతో చేసుకునే ఒప్పందంలో, పరికరాల విలువలో కొంత శాతాన్ని మార్పిడి నిధికి జమ చేయాలన్న షరతు ఉండాలి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం, రైల్వే తమ ఆటస్థలాలను తామే నిర్వహించుకోవచ్చు గాని, జాబితా నమూనా, తనిఖీ ప్రమాణం నగరంలో ఒక్కటే కావాలి. గొలుసు తెగినప్పుడు పిల్లవాడికి దెబ్బ తగలడంలో ఆ స్థలం ఎవరిదన్న తేడా ఉండదు.

8. ముగింపు

పై ప్రతిపాదనల్లో కొత్త చట్టం కోరేది గాని, విదేశీ సాంకేతికత లేనిదే సాగనిది గాని లేదు. తనిఖీకి వార్డు సచివాలయాలు, పరీక్షకు విశ్వవిద్యాలయం, తయారీకి స్థానిక వర్క్‌షాపులు, పిల్లల సంఖ్యకు అంగన్‌వాడీ లెక్కలు, తరుగుదలకు లెక్కల మాన్యువల్ ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఒక్క పుటపైకి తెచ్చే నిర్ణయం మాత్రమే లేదు. మొదటి ఏడాదిలో జాబితా, క్షయ పలకల పరీక్ష పూర్తిచేసి, వార్డు వారీగా ఫలితాలను ప్రజలముందు పెడితే, ఏ కార్పొరేటరు ఒత్తిడి ఎంతన్న దానిని బట్టి కాక, ఏ ఆటస్థలం గడువు ఎప్పుడన్న దానిని బట్టి నిధులు కేటాయించడం సాధ్యమవుతుంది.

ఇందుకు పౌరులందరూ చదవగల ఒక చిన్న కట్టుబాటు తోడ్పడుతుంది. పార్కులో వేసే ప్రారంభోత్సవ శిలాఫలకంపై ప్రారంభించినవారి పేరు, తేదీ ఎలాగూ చెక్కుతారు. దాని కింద, ఈ పరికరాలు మార్చవలసిన సంవత్సరం ఇది, ఇందుకు నిధి జమ అవుతున్న ఖాతా ఇది అని మరో రెండు పంక్తులు చెక్కడాన్ని నగరపాలక సంస్థ తప్పనిసరి చేయాలి. ఆ సంవత్సరం దాటిపోయినప్పుడు అడగడానికి పిల్లలకు ఓటు లేకపోయినా, వారి తల్లిదండ్రుల చేతిలో అధికారికంగా రాసి ఇచ్చిన ఒక తేదీ ఉంటుంది.